సాంగ్మున్‌దోంగ్ గల్లీ

పోయిన వేసవి సెలవుల్లో నేనూ, పక్కింట్లో ఉండే నా దోస్తూ కలిసి మా అక్క ఫోన్‌లో ఒక కొరియా సీరియల్ చూశాం. దాని పేరు ‘రిప్లై 1988’. మొత్తం 20 భాగాలు. మాటలన్నీ కొరియా భాషలోనే. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటే ఆపి ఆపి చదువుకోవాలి. గంటన్నర భాగం చూడడానికి మాకు మూడు గంటలు పట్టేది. మా బాపమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చునేది. చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి, కళ్లు మాత్రం అప్పుడప్పుడు ఫోన్ మీదికి పోతాయి. మూడో రోజు ఇక ఉండబట్టలేక అడిగింది.

“ఏం సీరియల్ బిడ్డా ఇది? అత్తా కోడళ్ల కొట్లాట లేదు, విషం కలుపుడు లేదు. ఒగలింట్ల కూర ఒగలింట్లకు పోతాంది, గంతే గదా!”

బాపమ్మ అన్నది నిజమే. మొదటి భాగంలోనే ఆ సంగతి ఉంటుంది. సాయంత్రం అన్నం వేళకు ఒక తల్లి కొడుకును పిలిచి గిన్నె చేతికిచ్చి “ఇది వాళ్లింట్లో ఇచ్చి రా” అంటుంది. ఆ ఇంట్లో వాళ్లు ఉత్త గిన్నె తిరిగి పంపరు, తాము వండింది పెట్టి పంపుతారు. అట్లా ఇంటికొక పిల్లవాడు గిన్నె పట్టుకుని గల్లీలో ఎదురెదురుగా తిరుగుతూనే ఉంటారు. చివరికి అందరి ఇళ్లలోనూ అందరి కూరలూ ఉంటాయి. ఇట్లయితే అందరం ఒక్కచోటే కూర్చుని తినొచ్చు కదా అని ఒకడు విసుక్కుంటాడు. మా ఇంట్లో కూడా గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి ఇస్తుంది బాపమ్మ. వేల మైళ్ల దూరంలో కూడా అదే పద్ధతి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

బడి తెరిచాక చరిత్ర సార్‌తో, ఈసారి పత్రికకు ఈ సీరియల్ గురించి రాస్తానని చెప్పాను. సార్ నవ్వలేదు, కాదని కూడా అనలేదు. “రాయి. కానీ సీరియల్‌ల ఉన్నది ఎంత నిజమో చూడు. లేనిది ఏందో గూడ చూడు. అప్పుడే అది చరిత్ర అయితది” అన్నారు. అందుకే ఇది రాయడానికి ఇన్ని నెలలు పట్టింది.

ముందు సీరియల్ సంగతి చెబుతాను. కొరియాలో ఇది 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా టీవీఎన్ అనే కేబుల్ చానల్‌లో వచ్చింది. దర్శకుడు షిన్ వన్‌హో, రాసింది లీ ఊజంగ్. వీళ్లే అంతకు ముందు 1997 మీద ఒకటి, 1994 మీద ఒకటి తీశారు. ఈ మూడోది సియోల్ నగరం ఉత్తరం వైపున్న సాంగ్మున్‌దోంగ్ అనే పేటలో ఒక గల్లీ కథ. ఆ గల్లీలో అయిదుగురు దోస్తులు. దొక్సన్ అనే అమ్మాయి, జంగ్‌హ్వాన్, సన్‌ఊ, దోంగ్‌ర్యోంగ్, తేక్. అయిదుగురూ 1971లో పుట్టినవాళ్లే. తేక్ బడి మానేసి ‘బాదుక్’ ఆడతాడు. అది నల్ల రాళ్లు, తెల్ల రాళ్లతో పలక మీద ఆడే పాత ఆట. ఆటలో పెద్ద పెద్దవాళ్లను ఓడిస్తాడు గానీ బూట్ల తాడు కట్టుకోవడం సరిగ్గా రాదు. 11 ఏళ్లకే వృత్తి ఆటగాడైన లీ చాంగ్‌హో అనే నిజమైన ఆటగాణ్ని చూసే ఈ పాత్రను రాశారంటారు. మిగతా నలుగురికీ తేక్ గదే అడ్డా. అతను ఊళ్లో లేకపోయినా వీళ్లు అక్కడే పడి ఉంటారు.

నాకు దొక్సన్ అంటే ఇష్టం, ఎందుకంటే ఆమె నడిపిది, నేనూ నడిపిదాన్నే. అక్క పుట్టినరోజు మూడు రోజులు ముందు వస్తుందని ఇద్దరికీ కలిపి ఒక్కటే కేకు కోయిస్తారు వాళ్లింట్లో. కొవ్వొత్తులు మాత్రం మార్చి మళ్లీ వెలిగిస్తారు. ఆ ఏడు ఆమె ఏడ్చేస్తుంది. తర్వాత వాళ్ల నాన్న గల్లీ మొదట్లో వేరే కేకు పట్టుకుని నిలబడి, నేనూ నాన్న కావడం ఇదే మొదటిసారి కదా, తెలియలేదు అన్నట్టు చెప్తాడు. అక్కడ నా దోస్తు ఫోన్ ఆపేసి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక చరిత్ర. కథ మొదలయ్యేది 1988 సెప్టెంబరులో. ఆ నెల 17న సియోల్ ఒలింపిక్స్ మొదలయ్యాయి, 159 దేశాలు వచ్చాయి. (మన దేశం కూడా పోయింది, పీటీ ఉష కూడా పరుగెత్తింది, ఒక్క పతకమూ రాలేదు. ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు గానీ రాయకుండా ఉండలేకపోయాను.) దొక్సన్‌కు ప్రారంభోత్సవంలో మడగాస్కర్ దేశం పేరున్న బోర్డు పట్టుకుని నడిచే అవకాశం వస్తుంది. నెలల తరబడి నడక నేర్చుకుంటుంది, గల్లీ అంతా చెప్పుకుంటుంది. తీరా సమయానికి మడగాస్కర్ రావడం మానుకుంటుంది. ఇది కల్పన కాదు. ఉత్తర కొరియా ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. క్యూబా, ఇథియోపియా, మడగాస్కర్ లాంటి కొన్ని దేశాలు కూడా రాలేదు. ఎక్కడో పెద్దవాళ్ల మధ్య జరిగిన ప్రచ్ఛన్న యుద్ధం సాంగ్మున్‌దోంగ్‌లో ఒక నడిపి పిల్లకు ఎట్లా తగిలిందో చూడండి. చివరికి ఆమెకు ఉగాండా బోర్డు దొరుకుతుంది.

దొక్సన్ వాళ్లుండే ఇల్లు సగం భూమిలో ఉంటుంది. మెట్లు దిగి లోపలికి పోవాలి, కిటికీ నేల మట్టానికి ఉంటుంది. దానిని వాళ్లు ‘బాన్‌జిహా’ అంటారు. వాళ్ల నాన్న బ్యాంకులో పనిచేస్తాడు, కానీ స్నేహితుని అప్పుకు జామీను నిలబడి మునిగిపోయాడు. అట్లాంటి ఇళ్లు సియోల్‌లో ఎందుకు వచ్చాయో తెలిస్తే మీకూ ఆశ్చర్యం కలుగుతుంది. 1968లో ఉత్తర కొరియా కమాండోలు అధ్యక్షుడి ఇంటి మీదికి వచ్చారు. మళ్లీ యుద్ధం వస్తే తలదాచుకోవడానికి ఉండాలని 1970లో ప్రభుత్వం కట్టడాల చట్టం మార్చి, ఇళ్ల కింద నేలమాళిగలు కట్టించింది. వాటిలో కాపురం ఉండకూడదన్నారు. కానీ పల్లెల నుంచి జనం వచ్చిపడుతుంటే సియోల్‌లో ఇళ్లు చాలలేదు. 1980ల నాటికి ఆ నేలమాళిగలనే అద్దెకు ఇచ్చుకోవచ్చని ఒప్పుకోవాల్సి వచ్చింది. యుద్ధం కోసం కట్టిన గదుల్లో బీదవాళ్లు సంసారాలు పెట్టారు. 2022 ఆగస్టులో సియోల్‌లో పెద్ద వానలు పడినప్పుడు అట్లాంటి ఇళ్లలో నీళ్లు నిండి మనుషులు చనిపోయారు. అంటే ఇది 1988తో అయిపోయిన కథ కాదు.

ఇంకొకటి బొగ్గు బిళ్లలు. నిలువునా రంధ్రాలున్న గుండ్రటి బిళ్లలను పొయ్యిలో పెడితే ఆ వేడి నేల కిందుగా పోయి గది వెచ్చగా అవుతుంది. నేల పగిలితే మాత్రం ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. ఆ రోజుల్లో ప్రతి చలికాలం కొరియాలో దీనివల్ల జనం నిద్రలోనే పోయేవారు. సీరియల్‌లో ఒక రాత్రి వాళ్లింట్లో ఆ విషవాయువు వస్తుంది. తల్లిదండ్రులు అక్కను, తమ్ముణ్ని ఈడ్చుకుంటూ బయటికి తెస్తారు. దొక్సన్‌ను మరిచిపోతారు! ఆమె తనంతట తానే పాక్కుంటూ బయటికి వస్తుంది. మేం నవ్వాం. తర్వాత చదివితే నవ్వు రాలేదు.

మా సార్ చెప్పిన రెండో మాట, సీరియల్‌లో లేనిది ఏందో చూడమన్నది. దానికే నేను ఎక్కువ రోజులు తిరిగాను. లైబ్రరీలో దొరకలేదు, అక్క ఫోన్‌లోనే వెతికాను. సాంగ్మున్‌దోంగ్ అని కొడితే మొదట డూలీ అనే డైనోసార్ బొమ్మల కథ వచ్చింది, తర్వాత ‘స్క్విడ్ గేమ్’ వచ్చింది. ఆ తర్వాత ఒక పేరు వచ్చింది. జోన్ తేఇల్.

జోన్ తేఇల్ 1948లో పుట్టాడు. 1960లలో సాంగ్మున్‌దోంగ్‌లో పేదల గుడిసెల్లో అమ్మతో, తోబుట్టువులతో ఉండేవాడు. పని మాత్రం ఊరి నడుమ చోంగ్యే కాలువ దగ్గరున్న ప్యోంగ్‌హ్వా బజారులో. అక్కడ వందల కుట్టు కార్ఖానాలు. ఎత్తు తక్కువ గదిని మధ్యలో చెక్కలు వేసి రెండు అంతస్తులు చేసేవారు, నిటారుగా నిలబడడానికి కూడా ఉండేది కాదు. ఆ దూదిపొడిలో 12, 13 ఏళ్ల ఆడపిల్లలు రోజుకు 14 గంటలు పనిచేసేవారు. మధ్యాహ్నం తిండి లేక కూర్చునేవారు. తేఇల్ తన బస్సు డబ్బులతో వాళ్లకు చిన్న చిన్న పిండి రొట్టెలు కొనిపెట్టి, రాత్రి సాంగ్మున్‌దోంగ్ దాకా నడిచి వచ్చేవాడు. రెండు మూడు గంటల నడక. అప్పట్లో కొరియాలో అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారు 4 దాకా ఎవరూ బయట తిరగకూడదని కర్ఫ్యూ ఉండేది, 1982లో గానీ ఎత్తేయలేదు. దారిలో 12 కొడితే పోలీసులు పట్టుకునేవారు, ఠాణాలో తెల్లవారేది.

మా బాపు పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. రాత్రి పాళీ అయితే చెవుల్లో ఇంకా సాంచెల చప్పుడే ఉందంటాడు. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చిన ఇళ్లు మావి. మీలో చాలామంది ఇళ్ల కథ కూడా ఇదే. అందుకే దూదిపొడి అనే మాట దగ్గర నేను ఆగిపోయాను.

తేఇల్‌కు ఒకరోజు తెలిసింది, కొరియాలో 1953 నుంచే కార్మికుల చట్టం ఒకటి ఉందని. పని గంటలు, సెలవులు అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఎవరూ పాటించరు, ఎవరికీ తెలియదు. 1969లో తోటి దర్జీలతో ఒక సంఘం పెట్టి దానికి ‘బాబో హ్వే’ అని పేరు పెట్టాడు. అంటే ‘మూర్ఖుల సంఘం’. చట్టం ఉందని కూడా తెలియకుండా బతికాం కాబట్టి మనం మూర్ఖులమే అని. ఆ చట్టం పుస్తకం కొని తెచ్చుకున్నాడు గానీ అది చైనా అక్షరాలతో నిండి ఉండేది, బడి సరిగా చదవని అతనికి అర్థమయ్యేది కాదు. నాకు చెప్పిపెట్టడానికి కాలేజీలో చదివే దోస్తు ఒక్కడుంటే ఎంత బాగుండేది అని చాలాసార్లు అనుకున్నాడట.

ఈ సంగతి బాపమ్మకు చెప్పాను. ఆమె బీడీ చుట్టడం ఆపింది. నిరుడు ఆమె పీఎఫ్ కాగితం ఒకటి వచ్చింది. ఇంగ్లీషులో ఒక పక్క, మరాఠీలో ఒక పక్క ఉంది. బాపమ్మకు తెలుగే కూడబలుక్కుని చదవాలి. ఎనిమిది రోజులు దాన్ని డబ్బాలో దాచి, నన్ను అడగడానికి సిగ్గుపడింది. “ఆ పిలగానికి నీ అసోంటిది ఒక్కతి దొరక్కపాయె” అంది.

దొరకలేదు. అధికారుల దగ్గరికి అర్జీలు పట్టుకుని తిరిగాడు, పత్రికల్లో ఒకసారి వార్త కూడా వచ్చింది, ఏమీ కాలేదు. 1970 నవంబరు 13న ఆ చట్టం పుస్తకాన్ని తగలబెట్టే నిరసనలో తేఇల్ తన ప్రాణం కూడా వదిలాడు. అప్పటికి 22 ఏళ్లు. అతను బతికి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అతను పోయాక సియోల్ విశ్వవిద్యాలయంలో లా చదివే విద్యార్థులు అతని తల్లి లీ సోసన్ దగ్గరికి వచ్చారు. అతను కోరుకున్న ఆ కాలేజీ దోస్తులు అప్పుడొచ్చారు. ఆ నెలలోనే బజారు కార్మికుల సంఘం మొదలైంది. తల్లి 2011లో చనిపోయేదాకా కార్మికుల మధ్యనే ఉంది, కొరియా అంతా ఆమెను కార్మికుల తల్లి అని పిలిచేది. చో యోంగ్‌రే అనే అతను పోలీసులకు దొరక్కుండా దాక్కుని తేఇల్ జీవితచరిత్ర రాశాడు. 1983లో అచ్చయినప్పుడు రచయిత పేరు వేయలేదు. వేస్తే జైలే. ఆ తర్వాత ఏళ్లలో ఎంతోమంది విద్యార్థులు కార్ఖానాల దగ్గర రాత్రి బడులు నడిపారు, కొందరు చదువు వదిలి కార్ఖానాల్లో చేరారు.

ఇది చదివి మళ్లీ సీరియల్ దగ్గరికి వస్తే దొక్సన్ వాళ్లక్క బోరా వేరేగా కనిపించింది. మొదట నాకు ఆమె నచ్చలేదు. ఎప్పుడూ చెల్లెలి మీద అరుస్తుంది. ఆమె సియోల్ విశ్వవిద్యాలయం విద్యార్థిని, ఊరేగింపులకు పోతుంది, తండ్రి వద్దంటాడు. పోలీసులు పట్టుకోవడానికి వస్తే తల్లి వానలో కాలి వేలు చితికి రక్తం కారుతున్నా చూసుకోకుండా, నా బిడ్డ మంచిది, వదిలిపెట్టండి అని బతిమాలుతుంది. తల్లిదండ్రుల భయానికి కారణం ఉంది. 1987 జనవరిలో పాక్ జోంగ్‌చోల్ అనే విద్యార్థి పోలీసుల చిత్రహింసలకు చనిపోయాడు. జూన్‌లో లీ హన్‌యోల్ అనే విద్యార్థికి బాష్పవాయువు గుండు తలకు తగిలింది, జూలై 5న పోయాడు. ఆ జూన్‌లో జనం వీధుల్లోకి వచ్చాక గానీ సైనిక పాలకులు దిగిరాలేదు. ఆ డిసెంబరులో జనం తమ అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకున్నారు. ఒలింపిక్స్ దానికి తొమ్మిది నెలల తర్వాత. బోరా ఎందుకు అరుస్తుందో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు.

బోరా ఉంది కాబట్టి సీరియల్ అబద్ధం చెప్పిందని నేను అనను. కానీ పక్క పేట మాటే మేం చూసిన 20 భాగాల్లో ఎక్కడా వినలేదు. సాంగ్మున్‌దోంగ్ నుంచి జుంగ్నాంగ్ వాగు దాటితే సాంగ్యేదోంగ్ వస్తుంది. అక్కడి గుడిసెల వాడను 1986, 87లలో కూలగొట్టారు. కొత్త ఇళ్ల కోసం, ఒలింపిక్స్‌కు ఊరు అందంగా కనబడడం కోసం. ఇళ్లు పోయినవాళ్లలో కొన్ని కుటుంబాలు ఊరి నడుమ మ్యోంగ్‌దోంగ్ చర్చి ఆవరణలో డేరాలు వేసుకున్నాయి. తర్వాత బుచోన్ అనే ఊరి దగ్గర కాస్త జాగా చూసుకుని గుడిసెలు వేసుకుంటే, ఒలింపిక్ జ్యోతి ఆ రహదారి మీదుగా పోతుందని వాటినీ పీకేశారు. వాళ్లు నేలలో గుంతలు తవ్వుకుని ఉన్నారు. కిమ్ దోంగ్‌వన్ అనే అతను వాళ్లతో ఉండి 1988లో ‘సాంగ్యేదోంగ్ ఒలింపిక్స్’ అనే చిన్న చిత్రం తీశాడు. అందులో ఉన్నదీ గల్లీయే, అక్కడా ఇరుగు పొరుగు కలిసే వండుకుంటారు. దొక్సన్ బోర్డు పట్టుకుని నడిచింది, ఆ గల్లీ పిల్లలు గుంతల్లో పడుకున్నారు, రెండూ ఒక్క ఒలింపిక్స్‌వే. సీరియల్ తీసినవాళ్లు ఒక్క మాటైనా అనాల్సిందని నా అభిప్రాయం. మా అక్క మాత్రం, అన్నీ పెడితే దాన్ని ఎవరు చూస్తారే అంటుంది.

చివరి భాగంలో సాంగ్మున్‌దోంగ్ గల్లీ కూడా ఖాళీ అవుతుంది. ఒక్కొక్క ఇంటివాళ్లు సామాను బండికెత్తుకుని వెళ్లిపోతారు. అది కూడా నిజంగా జరిగిందే. 1989లో ప్రభుత్వం సియోల్ చుట్టూ బుందాంగ్, ఇల్సాన్ లాంటి కొత్త పట్టణాలు కడతామని ప్రకటించింది. లక్షల అపార్ట్‌మెంట్లు లేచాయి. 1997లో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చి చాలామంది నాన్నల ఉద్యోగాలు పోయాయి. 2015లో ఈ సీరియల్ చూసి కొరియావాళ్లు అంత ఏడ్చింది అందుకేనేమో. వాళ్లు అపార్ట్‌మెంట్లలో కూర్చుని గల్లీని చూశారు. మేం గల్లీలో కూర్చుని చూశాం.

ఆ చివరి రెండు భాగాలు నేనూ నా దోస్తూ కలిసి చూడలేకపోయాం. వాళ్ల బాపు పనిచేసే కార్ఖానాలో సాంచెలు అమ్మేశారు. జూన్‌లో వాళ్లు భివండీ పోయారు. ఆ ముందు రాత్రి మా గడప మీద కూర్చున్నాం గానీ ఏమీ మాట్లాడుకోలేదు. పోయాక ఒక ఆదివారం ఇద్దరం ఫోన్‌లో ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుని ఇక్కడా అక్కడా ఒకేసారి సీరియల్ మొదలుపెట్టాం. వాళ్ల దగ్గర నెట్ ఆగి ఆగి వస్తుంది. నేను నవ్విన చోట ఆమె అర నిమిషం తర్వాత నవ్వింది. ఖాళీ గల్లీ చూపించినప్పుడు మాత్రం అటునుంచి ఏ చప్పుడూ రాలేదు. లైను కట్ అయిందేమోనని చూశాను. కాలేదు.

ఆగస్టులో భివండీ పోయే వాళ్లెవరో ఉంటే బాపమ్మ ఒక స్టీలు డబ్బాలో చింతకాయ తొక్కు పెట్టి పంపింది. డబ్బా ఇంకా తిరిగి రాలేదు. దాని కోసం బాపమ్మ తొందరపడడం లేదు. అందులో ఏం పెట్టి పంపుతారో చూడాలని మాత్రం ఉందట.